పాలెస్ట్రీనా జీతం మాట

క్వయర్‌లో చేరిన కొత్తలో మా మాస్టారు ఒక కథ చెప్పారు. పదహారో శతాబ్దంలో చర్చి పెద్దలంతా కూడారట. ప్రార్థనలో పాట మితిమీరిపోయింది, నలుగురు నాలుగు దారుల్లో పాడుతుంటే దేవుడి మాట ఒక్కటీ చెవిన పడటం లేదు, ఈ గోలంతా తీసేసి పాతకాలపు ఒకే వరస పాట ఉంచుదాం అని తీర్మానం చేయబోయారట. అప్పుడు పాలెస్ట్రీనా అనే ఇటలీ స్వరకర్త ఒక మాస్ రాసి, వాళ్ల ముందు పాడించి, అందరి చేతా కన్నీళ్లు పెట్టించి, సంగీతాన్ని కాపాడాడట. స్వరాలు దేవదూతలు వచ్చి చెప్పారనేవాళ్లు కూడా ఉన్నారు.

(మాస్ అంటే మన సినిమా మాస్ కాదు. మన క్యాథలిక్కులు దివ్యబలి పూజ అనేదే. అందులో కీరియే, గ్లోరియా, క్రేదో, సాంక్తుస్, ఆఞ్ఞుస్ దేయీ అనే ఐదు భాగాలకు కట్టిన పాటల వరసనూ మాస్ అనే అంటారు.)

కథ నాకు తెగ నచ్చింది. పదేళ్లపాటు కొత్తగా చేరినవాళ్లకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. ఒక క్రిస్మస్ కార్యక్రమానికి కరపత్రంలో రెండు పేరాలు రాయమన్నారు. సరే, సంవత్సరాలు కూడా వేద్దామని కూర్చున్నాను. అక్కడే చిక్కొచ్చింది. ఒక్క తేదీ కూడా ఇంకోదానితో కలవలేదు.

కథలో ఉన్న మాస్ పేరు మిస్సా పాపే మార్చెల్లి, అంటే పోప్ మార్సెల్లస్ మాస్. ఆ పోప్ రెండో మార్సెల్లస్. 1555 ఏప్రిల్ 9న ఎన్నికయ్యాడు, మే 1న చనిపోయాడు. మొత్తం మూడు వారాలు. ఈ మూడు వారాల్లో సంగీతానికి సంబంధించి నిజంగా జరిగినదొకటి ఉంది. ఆయన దగ్గర పనిచేసిన మస్సరెల్లి డైరీలో రాసుకున్నాడు: ఏప్రిల్ 12, గుడ్ ఫ్రైడే రోజు, పోప్ తన గాయకులను పిలిపించి, ఈ పవిత్ర దినాల్లో పాడే పాట సందర్భానికి తగ్గట్టుండాలి, మాటలు వినబడాలి, అర్థం కావాలి అని చెప్పాడు. ఆ గాయక బృందంలో పాలెస్ట్రీనా అప్పటికి మూడు నెలల ఉద్యోగి. అంతవరకే. నిషేధం అన్న మాటే లేదు.

ఆ మాస్ అచ్చయింది 1567లో. మధ్యలో పన్నెండేళ్లు. ఇక చర్చి పెద్దల సభ, అంటే ట్రెంట్ మహాసభ, 1545లో మొదలై 1563లో ముగిసింది. సంగీతం గురించి అది తేల్చింది 1562 సెప్టెంబరులో: పాటలో గానీ ఆర్గన్ వాయింపులో గానీ కాముకమైనది, అపవిత్రమైనది కలవకూడదు. పాలిఫనీని, అంటే పలు గొంతులు పలు దారుల్లో నడిచే గానాన్ని, తీసేయమని ఎక్కడా తీర్మానించలేదు. తీసేద్దామన్నవాళ్లు లేకపోలేదు గానీ, చివరికి వివరాలను ఎక్కడికక్కడ స్థానిక సభలకు వదిలేశారు. కమిటీల్లో కూర్చున్నవాళ్లకు ఈ పద్ధతి కొత్తేం కాదు.

మరి కార్డినళ్ల, అంటే పోప్ తర్వాతి పెద్దల, ముందు పరీక్ష? అది కొంత నిజం. 1565 ఏప్రిల్ 28న పోప్ గాయకులు కార్డినల్ వితెల్లి ఇంట్లో కూడి కొన్ని మాస్‌లు పాడారు, మాటలు అర్థమవుతున్నాయో లేదో చూడటానికి. గాయకుల డైరీలోనే ఉంది. ఏ మాస్‌లు పాడారు, ఎవరివి పాడారు, విన్నవాళ్లు ఏమన్నారు అన్నది ఆ డైరీ చెప్పదు. కథ పుట్టింది ఆ ఖాళీలోనే. 1607లో అగాజ్జారి అనే సంగీతజ్ఞుడు తన పుస్తకంలో, పోప్ సంగీతాన్ని దాదాపు వెళ్లగొట్టేవాడే, పాలెస్ట్రీనా అడ్డుపడకపోతే, అని రాశాడు. అప్పటికి పాలెస్ట్రీనా పోయి పదమూడేళ్లు. 1828లో బయీని రాసిన జీవిత చరిత్ర దానికి రంగులద్దింది. 1917లో జర్మన్ స్వరకర్త ఫిట్స్‌నర్ ఒపేరాగా కట్టి, దేవదూతలను స్టేజీ మీదికే దించాడు.

మాటలు వినబడేలా మాస్‌లు రాసింది పాలెస్ట్రీనా ఒక్కడే అనుకోవడం కూడా తప్పు. మిలాన్‌లో కార్డినల్ బొర్రొమేయో అడిగితే విన్చెంజో రుఫో రాసిచ్చాడు. రోమ్‌లోనే, అదే 1567లో, జొవాన్ని అనిముచ్చా అచ్చు వేసిన మాస్‌లకు మాటల స్పష్టతే ముఖ్యమని ముందుమాట ఉంది. ట్రెంట్ సభ జరుగుతున్న చోటే యాకోబుస్ డి కెర్లే రాసిన ప్రార్థనలు పాడారు. కాపాడినవాళ్లంటూ ఉంటే వరస కట్టి ఉన్నారు.

కరపత్రంలో ఇదంతా రాస్తే మా క్వయర్‌లో టెనార్ పాడే అన్నయ్య చదివి, "నీకెందుకురా, కథ బాగుంది కదా, ఎవరికి నష్టం?" అన్నాడు. అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆయనకు నా జవాబు. నష్టం పాలెస్ట్రీనాకే. ఆ కథ ఆయన్ను పొగుడుతున్నట్టే ఉంటుంది గానీ, నిజానికి ఆయన బతుకంతా పక్కకు తోసేసి ఒక్క రాత్రి పనికి కుదించేస్తుంది. యాభై ఏళ్లు ఉద్యోగం చేసి, జీతాల కోసం బేరాలాడి, పిల్లలకు పాఠాలు చెప్పి, బొచ్చుతోళ్లు అమ్మి, వందకు పైగా మాస్‌లు రాసిన మనిషిని దేవదూతల గుమాస్తాని చేస్తుంది.

ఆయన పేరే ఒక ఊరి పేరు. రోమ్‌కు తూర్పున కొండ మీద ఉన్న పాలెస్ట్రీనా ఊరివాడు జొవాన్ని పియెర్లుయీజి. 1525లోనో 1526 మొదట్లోనో పుట్టాడు. రోమ్‌లో శాంతా మరియా మజ్జోరె చర్చిలో పాడే కుర్రాడిగా 1537 నాటి కాగితాల్లో కనిపిస్తాడు. 1544లో సొంత ఊరి చర్చిలో ఆర్గన్ వాయించే, పాట నేర్పే ఉద్యోగం. 1547లో లుక్రేజియా గోరితో పెళ్లి, తర్వాత ముగ్గురు కొడుకులు. ఆ ఊరి బిషప్‌గా ఉన్న కార్డినల్ 1550లో మూడో జూలియస్ పేరుతో పోప్ అయ్యాడు. మరుసటి ఏడాదే మన కుర్రాడికి రోమ్‌లో సెయింట్ పీటర్స్ చర్చి గాయక బృందం, కప్పెల్లా జూలియా, చేతికొచ్చింది. తెలిసినవాళ్లు పైకెళ్తే తలుపులు ఎలా తెరుచుకుంటాయో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

1554లో మొదటి మాస్‌ల పుస్తకం అచ్చు వేసి ఆ పోప్‌కే అంకితమిచ్చాడు. మొదటి పేజీలో బొమ్మ: పాలెస్ట్రీనా మోకాళ్ల మీద కూర్చుని పోప్ చేతికి పుస్తకం అందిస్తుంటాడు. ఆ బొమ్మ ఆయన కోసం చెక్కింది కాదు. పదేళ్ల ముందు అదే అచ్చుశాల స్పెయిన్ స్వరకర్త మొరాలెస్ పుస్తకానికి వాడిన చెక్క అచ్చునే కాస్త మార్చి మళ్లీ వేశారు. నాకు ఈ సంగతి భలే ఇష్టం. పెళ్లిపత్రికలో పాత బ్లాకు వాడుకున్నట్టు.

1555 జనవరిలో పోప్ ఆయన్ను తన సొంత గాయక బృందంలో, సిస్టీన్ చాపెల్‌లో, వేయించాడు. అక్కడ ప్రవేశ పరీక్ష ఉండాలి, పాత గాయకులు ఒప్పుకోవాలి, పెళ్లి అయి ఉండకూడదు. మూడూ కుదరలేదు. పోప్ మాట చాలింది. మార్చిలో ఆ పోప్ పోయాడు. మార్సెల్లస్ వచ్చి పోయాడు. తర్వాత వచ్చిన నాలుగో పాల్ రూల్స్ మనిషి. పెళ్లయిన గాయకులు ముగ్గురిని, పాలెస్ట్రీనాతో కలిపి, చిన్న పెన్షన్ ఇచ్చి పంపించేశాడు. ఒక ఉద్యోగం మానేసి ఇంకోదానికొచ్చి, ఏడాది తిరక్కుండా రోడ్డున పడటం ఎలా ఉంటుందో అనుభవించినవాళ్లకు తెలుసు. నాకు తెలుసు. నెల రోజులు ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

ఆయన ఆ అక్టోబరుకల్లా సెయింట్ జాన్ లాటెరన్ చర్చిలో చేరాడు. అక్కడ గాయక బాలుర ఖర్చుల విషయంలో పేచీ వచ్చి 1560లో పెద్ద కొడుకును కూడా తీసుకుని బయటికొచ్చేశాడు. తర్వాత చిన్నప్పుడు పాడిన శాంతా మరియా మజ్జోరె, రోమన్ సెమినరీ, కార్డినల్ ఇప్పోలితో దెస్తె కొలువు. 1571లో అనిముచ్చా చనిపోతే మళ్లీ కప్పెల్లా జూలియా. అక్కడే చివరిదాకా.

నేను ఆగి చూసేది ఆ మధ్య జరిగిన బేరాల దగ్గర. 1568లో వియన్నా నుంచి చక్రవర్తి రెండో మాక్సిమిలియన్ కబురు పెట్టాడు, ఆస్థాన సంగీతకర్తగా రమ్మని. పాలెస్ట్రీనా చెప్పిన జీతం విని అక్కడివాళ్లు వెనక్కి తగ్గారు. ఆ కుర్చీ ఫిలిప్ డి మోంటెకు దక్కింది. 1583లో మాంటువా డ్యూక్ గుల్యెల్మో గొంజాగా దగ్గరికి వెళ్లే మాటలు నడిచాయి. అక్కడా జీతం దగ్గరే ఆగిపోయింది. ఇది చదివి ఆయన డబ్బు మనిషి అని మూతి విరిచినవాళ్లను చూశాను. ఎందుకో! రోమ్‌లో ఇల్లు, ఉద్యోగం ఉన్న మనిషి ఆల్ప్స్ దాటి వెళ్లాలంటే ఎంతిస్తారని అడగడా? సంగీతం రాసేవాడు జీతం అడిగితే మనకు ఏదో మైలపడినట్టు ఉంటుంది. అదే పోప్ గారి ఖజానా లెక్కలు చూసే గుమాస్తా అడిగితే ఏమీ అనిపించదు.

ఆ డ్యూక్‌తో నడిచిన ఉత్తరాలు ఇప్పటికీ ఉన్నాయి. డ్యూక్ కూడా సంగీతం రాసేవాడు, రాసి దిద్దమని పంపేవాడు. 1570 మార్చి నాటి ఉత్తరంలో పాలెస్ట్రీనా ముందు బాగుందని మెచ్చుకుని, తర్వాత మెల్లగా అసలు సంగతికొస్తాడు: గొంతులు ఒకదాన్నొకటి అనుకరిస్తూ మరీ దగ్గరగా అల్లుకుపోవడం వల్ల వినేవాళ్లకు మాటలు మరుగున పడుతున్నాయి. మాటలు వినబడాలన్న పట్టింపు ఆయనకు నిజంగా ఉందనడానికి నాకు ఈ ఉత్తరం చాలు. కార్డినళ్ల ముందు కన్నీళ్లు అక్కర్లేదు. ఒక పెద్దమనిషి హోంవర్క్‌కి మాస్టారు రాసిన రిమార్కు అది, ఉద్యోగం చెడకుండా.

ఇంకో ఉత్తరం 1578 నాటిది, ఆయన రాసింది కాదు, డ్యూక్ మనిషి రోమ్ నుంచి రాసింది. పాలెస్ట్రీనా జబ్బుపడి లేచాడు, తల పనిచేయడం లేదు, కళ్లూ సహకరించడం లేదు, అయినా మాస్‌లో కీరియే, గ్లోరియా భాగాలను లూట్ వాద్యం మీద పలికించుకుంటూ కడుతున్నాడు, అని. దేవదూతలు చెవిలో చెప్పేవాడికి లూట్ ఎందుకు? జబ్బులోంచి లేచిన యాభై దాటిన మనిషి ఒళ్లో తీగల వాద్యం పెట్టుకుని, ఒప్పుకున్న పని పూర్తి చేయడానికి తంటాలు పడుతున్న ఆ దృశ్యం నాకు ఎన్ని ఒపేరాల కన్నా ఎక్కువ.

జబ్బు మాట వచ్చింది కాబట్టి ఆ పదేళ్ల గురించి చెప్పాలి. 1570ల్లో రోమ్‌ను అంటురోగాలు ఊడ్చేశాయి. 1572లో పెద్ద కొడుకు రోదోల్ఫో పోయాడు. 1573లో తమ్ముడు సిల్లా. 1575లో రెండో కొడుకు ఆంజెలో. 1580లో భార్య లుక్రేజియా. మిగిలింది ఇజీనియో ఒక్కడే. పాలెస్ట్రీనా ఇక లోకం వద్దనుకుని, పూజారి అవుతానని పోప్‌ను అడిగాడు. అనుమతి వచ్చింది. ఆ దారిలో మొదటి మెట్టుగా నడినెత్తిన జుట్టు కూడా తీయించుకున్నాడు.

కథ ఇక్కడ ఆగిపోతే చక్కటి భక్తుడి చరిత్ర. ఆగలేదు. కొద్ది నెలలకే, 1581లో, ఆయన వర్జీనియా దోర్మోలిని పెళ్లి చేసుకున్నాడు. ఆమె ఒక బొచ్చుతోళ్ల వ్యాపారి భార్య, భర్త పోయాడు, వ్యాపారం బాగా నడుస్తోంది. పాలెస్ట్రీనా పొద్దున చర్చిలో పిల్లలకు పాట నేర్పుతూ, ఆ వ్యాపారంలోనూ దిగాడు. లాభాలతో ఇళ్లు కొన్నాడు, అద్దెకిచ్చాడు.

దీన్ని దిగజారుడుగా చెప్పేవాళ్లున్నారు, నవ్వుతాలుగా చెప్పేవాళ్లున్నారు. నేను ఆయన చేసిన పనుల్లో తెలివైనదిగా లెక్కేస్తాను. అప్పట్లో సంగీత పుస్తకం అచ్చు వేయాలంటే ఖర్చు భారీగా ఉండేది, చాలాసార్లు రాసినవాడి నెత్తినే పడేది, లేదంటే అంకితం పుచ్చుకున్న పెద్దల దయ. 1581 తర్వాత పాలెస్ట్రీనా పుస్తకాలు వరద కట్టినట్టు వచ్చాయి. మాస్‌లు, మోటెట్లు అనే లాటిన్ భక్తి పాటలు, ఏడాది పొడుగునా వచ్చే పండుగల స్తుతిగీతాలు, మాగ్నిఫికాట్లు అనే మరియమ్మ కీర్తనలు, విలాపవాక్యాలు, కానుకవేళ పాడే 68 పాటల ఒఫెర్తోరియా. అంతకుముందు ముప్పై ఏళ్లలో పెట్టెల్లో పేరుకున్నదంతా బయటికొచ్చింది. ఈ రోజు మేం పాడుకునేవి చాలామటుకు అలా చేతికొచ్చినవే. నక్క తోళ్లో, ముంగిస తోళ్లో, ఏవి అమ్మారో గానీ వాటికి మా క్వయర్ రుణపడి ఉంది.

ఆయన కూడా ఈ డబ్బు విషయంలో అంత సూటిమనిషేం కాదు. 1588లో విలాపవాక్యాలను ఐదో సిక్స్‌తుస్ పోప్‌కు అంకితమిస్తూ, చింతలు కళకు శత్రువులనీ, అందులోనూ డబ్బు లేమి తెచ్చే చింత మరీ చెడ్డదనీ వాపోయాడు. అప్పటికి ఇళ్ల అద్దెలు వస్తున్నాయి. 1584లో ఇంకో తమాషా. బైబిల్‌లో పరమగీతము నుంచి తీసిన మాటలకు 29 మోటెట్లు కట్టి పదమూడో గ్రెగరీకి అంకితమిచ్చాడు. ముందుమాటలో, లౌకిక ప్రేమ కవితలకు పాటలు కట్టినవాళ్లలో నేనూ ఒకణ్ణి, తలుచుకుంటే సిగ్గేస్తోంది, బాధేస్తోంది అన్నాడు. మంచిదే. పరమగీతము ఎంత ప్రేమ కవిత్వమో చదివినవాళ్లకు చెప్పక్కర్లేదు. రెండేళ్లు తిరిగేసరికి, 1586లో, ఆయన మాడ్రిగల్స్, అంటే పలు గొంతులకు కట్టిన ప్రేమ పాటల, రెండో పుస్తకం అచ్చయింది. సిగ్గు పోయినట్టుంది.

అంకితపు ముందుమాట అంటే ఇప్పటి గ్రాంటు దరఖాస్తు లాంటిది. అందులో ఏం రాయాలో అదే రాస్తారు. దాన్ని ఆత్మకథ అనుకుని చదివినవాళ్ల చేతిలోనే పాలెస్ట్రీనా సాధువయ్యాడు.

పాటల సంగతికొస్తే కూడా అంతే. సైనికుడి మీద కట్టిన లోమ్ ఆర్మే అనే పాత ఫ్రెంచి లౌకిక పాట వరస మీద ఆయన రెండు మాస్‌లు రాశాడు. ఒకటి 1570లో, అంటే ట్రెంట్ సభ ముగిసిన ఏడేళ్లకు, పేరు దాచకుండానే అచ్చయింది. 1582లో రెండోది వేసినప్పుడు మాత్రం "నాలుగో మాస్" అని ఊరుకున్నాడు. తన మాడ్రిగల్ వెస్తీవా ఇ కొల్లి వరసను తీసుకుని కూడా మాస్ కట్టాడు. ఆయన మాస్‌లలో సగం దాకా ఇలాంటివే: తనవో, ఇతరులవో, అప్పటికే ఉన్న పాటలను విప్పి మళ్లీ అల్లినవి. చెయ్యి తిరిగిన పనివాడి పద్ధతి.

ఆ పనితనం ఎక్కడుందో చెప్పాలంటే మేం పాడేదాని దగ్గరికే రావాలి. సీకుత్ చెర్వుస్. 42వ కీర్తన, దుప్పి నీటివాగుల కోసం తపించే కీర్తన, తెలుగు చర్చిల్లో పిల్లలకు కూడా కంఠతా వచ్చేది. నాలుగు గొంతులు: పై నుంచి కిందికి సోప్రానో, ఆల్టో, టెనార్, బాస్. మొదట టెనార్ ఒక్కడే ఎత్తుకుంటాడు. అదే వరసను కాసేపటికి ఆల్టో, తర్వాత సోప్రానో, అందరికన్నా చివర బాస్. ఎవరి వరస వాళ్లది, ఎవరి ఊపిరి వాళ్లది. ఒకే వరసకు శ్రుతి, తాళం కలిపి వినడానికి అలవాటుపడిన మన చెవికి మొదట్లో ఇది ఎటు పట్టుకోవాలో తెలియదు. నాకు మూడు నెలలు పట్టింది.

ఇందులో వరస చాలావరకు పక్కపక్క స్వరాల మీదే నడుస్తుంది. ఎక్కడైనా దూకితే వెంటనే వెనక్కి తిరిగి, దూకిన ఖాళీని మెట్టుమెట్టుగా పూడుస్తుంది. పొసగని స్వరాలు తాళం దెబ్బ మీద ఊరికే రావు. ఒక గొంతు తన స్వరాన్ని వదలకుండా పట్టుకుని ఉంటుంది, కింద గొంతు కదులుతుంది, రెండింటికీ రాపిడి పుడుతుంది, పట్టుకున్న గొంతు ఒక మెట్టు దిగగానే సర్దుకుంటుంది. ఆ రాపిడీ ఆ దిగడమూ పాట పొడుగునా అలల్లా వస్తూనే ఉంటాయి. పైకి ప్రశాంతంగా వినిపిస్తుంది గానీ, లోపల నిలబడి పాడేవాడికి ప్రతి రెండు మూడు మాటలకూ పక్కవాడితో ఒరుసుకుపోతున్నట్టే ఉంటుంది.

ఈ పద్ధతి ఆకాశంలోంచి ఊడిపడలేదు. పాడేవాళ్లకు ఏది గొంతులో పడుతుందో, ఏది పడదో యాభై ఏళ్లు దగ్గరుండి చూసినవాడి లెక్క అది. ఆయన పిల్లలకు పాట నేర్పే మాస్టారు. పెద్ద దూకుళ్లు పదేళ్ల కుర్రాడికి రావు, మెట్లు వస్తాయి. రాబోయే స్వరం ముందే చెవిలో ఉంటే తప్పు పోరు. మా క్వయర్ లాంటి అరకొర క్వయర్ కూడా పాలెస్ట్రీనాను పాడగలుగుతోందంటే కారణం అదేనని నా అనుమానం. ఆయన సమకాలికులు రాసిన కొన్ని పాటలు రెండు సార్లు ప్రయత్నించి వదిలేశాం.

తర్వాత ఈ పనివాడి లెక్కను పాఠ్యపుస్తకం చేశారు. 1725లో వియన్నాలో ఫుక్స్ రాసిన గ్రాదుస్ అద్ పర్నాస్సుంలో గురువు పేరు అలోయ్‌సియుస్, అంటే పాలెస్ట్రీనాయే, శిష్యుడు ఫుక్స్. హైడన్ ఆ పుస్తకం ముందేసుకుని సొంతంగా నేర్చుకున్నాడు, బెతోవెన్‌కు దాంతోనే నేర్పాడు. అయితే ఆ నియమాలు అన్నిచోట్లా పాలెస్ట్రీనావి కావు. ఇరవయ్యో శతాబ్దంలో డెన్మార్క్ పండితుడు యెప్పెసన్ కూర్చుని అసలు పాటలను స్వరం స్వరం లెక్కపెట్టి, ఎక్కడెక్కడ తేడా ఉందో చూపించాడు. అంటే పాలెస్ట్రీనాకు రెండు ముసుగులు తొడిగారు, ఒకటి సాధువుది, ఇంకోటి గ్రామర్ టీచర్‌ది. రెండోది కాస్త నయం, కనీసం పాటల వైపు చూసింది.

మా అన్నయ్య అడిగేదాంట్లో ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. ఆ కథ లేకపోతే మిస్సా పాపే మార్చెల్లి ఇంతమంది వినేవాళ్లు కాదు. గొప్ప మాసే. ఆరు గొంతులున్నా క్రేదోలో మాటలు ఒక్కటి తప్పిపోవు. ఆరుగురినీ ఒకేసారి వాడకుండా ముగ్గురు, నలుగురిని మార్చిమార్చి గుంపులు కట్టి మాట్లాడించినట్టు నడుపుతాడు, ఆమెన్ దగ్గర మాత్రం అందరినీ వదిలేస్తాడు. కానీ ఆ కథ వల్లే ఇంకో నూరు మాస్‌లు అరల్లో దుమ్ము పట్టి ఉన్నాయి. 2025లో ఆయన పుట్టి 500 ఏళ్లయిందని జరిగిన కచేరీల కార్యక్రమాలు చూశాను. సగానికి సగం అదే మాస్.

ఆయన 1594 ఫిబ్రవరి 2న పోయాడు. సెయింట్ పీటర్స్‌లోనే పూడ్చారు, శవపేటిక మీద సీసపు పలకపై పేరు, కింద "సంగీత ప్రభువు" అని లాటిన్‌లో. చర్చి అప్పుడు కొత్తగా కడుతున్నారు, నాలుగేళ్ల ముందే డోమ్ పూర్తయింది. ఆ కట్టడాల్లో సమాధి ఎక్కడుందో ఆనవాలు లేకుండా పోయింది. మిగిలిన కొడుకు ఇజీనియో, తండ్రి మధ్యలో వదిలేసిన చర్చి పాటల సవరణ ప్రతిని పూర్తిగా నాన్నదేనని చెప్పి అచ్చువాళ్లకు అమ్మాడు. కొన్నవాళ్లు కోర్టుకెక్కారు, బేరం రద్దయింది. తండ్రి బేరసారాలు వచ్చాయి గానీ పనితనం అబ్బలేదు.

వచ్చే ఆదివారం మళ్లీ సీకుత్ చెర్వుస్ పాడుతున్నాం. కొత్తగా ఇద్దరు చేరారు, అన్నయ్య వాళ్లకు దేవదూతల కథ చెప్పేశాడట. నాది బాస్ కాబట్టి టెనార్లో అన్నయ్య ఎత్తుకున్నాక ఆల్టో, సోప్రానో వచ్చేదాకా వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ నిలబడాలి. ఆ ఖాళీలో వాళ్లకు బొచ్చుతోళ్ల సంగతి చెప్పడానికి టైమ్ చాలదు.